ఒకే ఇంట ఇద్దరు అభ్యర్థులు

పాపఘ్ని నదీతీరాన, గండి ఆంజనేయ క్షేత్రానికి చేరువలో వెలసిన ఊరు వేంపల్లె. కడప జిల్లా మెట్టభూములలోని ఈ ఊరి పేరు భూగర్భశాస్త్ర గ్రంథాలలో సైతం కనిపిస్తుంది. కడప శిలాసమూహంలో దాదాపు 190 కోట్ల సంవత్సరాల నాటి డోలమైటు రాతిపొరలకు శాస్త్రజ్ఞులు ఈ ఊరి పేరే పెట్టారు. ఆధునిక కథాసాహిత్యంలోనూ ఈ ఊరికి గుర్తింపు ఉంది. వేంపల్లి గంగాధర్ 2011లోను, వేంపల్లి షరీఫ్ 2012లోను కేంద్ర సాహిత్య అకాడమి యువ పురస్కారం అందుకున్నారు. మండల పరిధిలోని ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ ఏర్పడింది. ఇన్ని విశేషాలున్నా, ఈ పాఠానికి కావలసినది మాత్రం అటువంటి ఊళ్లన్నింటిలోనూ కనిపించే ఒక సాధారణమైన చోటు. అది ప్రభుత్వ పాఠశాల ఆవరణ.

2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగాయి. శాసనసభ ఎన్నికలతో పోల్చితే ఇవి అణుమాత్రమైనవి. ఇక్కడ మైకులు మోగవు, వాహనాలు తిరగవు. తమ బిడ్డ చదివే తరగతి గదిలో కొందరు తల్లిదండ్రులు కూర్చుని తమలో కొందరిని ఎన్నుకుంటారు. కాని ఈ చిన్న ఎన్నికలో పెద్ద ఎన్నికలకు లేని ఒక వింత లక్షణం ఉంది. శాసనసభకు పోటీ చేయడానికి వయస్సు, పౌరసత్వం, ఓటరు జాబితాలో పేరు కావాలి. అవి ఎవరివి వారికే చెందుతాయి. పాఠశాల కమిటీలో ప్రవేశానికి కావలసిన అర్హత బిడ్డ. ఆ అర్హత భార్యాభర్తలకు ఉమ్మడి ఆస్తి. ఒకే బిడ్డ కారణంగా ఇద్దరూ అర్హులైనప్పుడు, ఆ ఇద్దరూ ఒకరిపై ఒకరు పోటీకి నిలిస్తే ఏమవుతుంది?

ఈ ప్రశ్న వినగానే నవ్వు రావడం సహజం. అయితే ఆ నవ్వు వెనుక చాలా పాతదైన ఒక నమ్మకం దాగి ఉంది. ఇంటికి ఒకే అభిప్రాయం ఉంటుందని, అది ఇంటి యజమాని నోట వెలువడుతుందని లోకం చిరకాలంగా భావిస్తూ వచ్చింది.

బంధువుల మధ్య పోటీ ఈ ప్రాంతానికి కొత్త కాదు. వేంపల్లె మండలం పులివెందుల శాసనసభా నియోజకవర్గంలోను, కడప లోక్‌సభా నియోజకవర్గంలోను చేరి ఉంది. 2011 మే నెలలో జరిగిన పులివెందుల ఉప ఎన్నికలో వై.ఎస్. విజయమ్మ, ఆమె మరిది వై.ఎస్. వివేకానందరెడ్డి ప్రత్యర్థులుగా నిలిచారు. వదిన గెలిచింది. 2024లో కడప లోక్‌సభ స్థానానికి వై.ఎస్. అవినాష్‌రెడ్డి, వరుసకు సోదరి అయిన వై.ఎస్. షర్మిల తలపడ్డారు. అక్కడ తమ్ముడి వరుసవాడు గెలిచాడు. వదినా మరుదుల పోటీని, అక్కాతమ్ముళ్ల పోటీని చూసి జనం బాధపడి ఉండవచ్చు, ఉత్సాహపడి ఉండవచ్చు. అసంభవమని మాత్రం ఎవరూ అనుకోలేదు. భార్యాభర్తల పోటీని మాత్రం లోకం హాస్యంగానో అపశకునంగానో చూస్తుంది. ఎందుకు?

దీనికి సమాధానం ‘అర్ధాంగి’ అనే మాటలో కొంత దొరుకుతుంది. భార్య భర్తలో సగం అని మన సంప్రదాయం చెబుతుంది. ఆ సగం భర్త మాటకు తల ఊపవలసిన సగమా, తన మాట తాను చెప్పగల సగమా అన్నదే అసలు చిక్కు. మండనమిశ్రునికి, శంకరాచార్యులకు జరిగిన వాదానికి మండనుని భార్య ఉభయభారతి న్యాయనిర్ణేతగా కూర్చున్నదని శంకర విజయ గాథలు చెబుతాయి. భర్త ఓడినట్లు ఆమె నిష్పక్షపాతంగా ప్రకటించింది. ఆ వెంటనే, తాను భర్తలో సగం కనుక తనను కూడ జయిస్తే గాని శంకరుల విజయం పూర్తి కాదని చెప్పి తానే వాదానికి దిగింది. ‘అర్ధాంగి’ అన్న మాటను మౌనానికి కారణంగా గాక, మాట్లాడే హక్కుకు ఆధారంగా వాడుకున్న మహిళ ఆమె. పిల్లలమర్రి పినవీరభద్రుని జైమిని భారతంలోని ప్రమీల అర్జునునితో యుద్ధం చేసిన తరువాతనే అతనికి ఇల్లాలైంది.

వీరందరికంటె లోతైన ప్రశ్న వేసినది ద్రౌపది. జూదంలో ధర్మరాజు మొదట తనను తాను ఓడిపోయాడా, లేక తనను ఓడిపోయాడా అని ఆమె కౌరవసభను అడిగించింది. తనమీదనే హక్కు కోల్పోయినవానికి మరొకరిని పణంగా పెట్టే హక్కు ఎక్కడిది అన్నది ఆ ప్రశ్నలోని తర్కం. నన్నయ భారతంలోని సభాపర్వాన్ని చదివిన విద్యార్థి ఒక విషయం గమనించాలి. ధర్మం తెలిసిన భీష్ముడు సైతం ఆ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పలేకపోయాడు. భార్య భర్త సొత్తా, వేరొక వ్యక్తా అని సభలో ఒక స్త్రీ నిలదీసిన ఘట్టం అది. ఇరవయ్యో శతాబ్దంలో ఓటుహక్కు చట్టాలను రాసినవారు కూడ ఆ ప్రశ్న ముందు తడబడ్డారు.

కడప, కర్నూలు జిల్లాలు నాడు మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగాలు. 1919 నాటి సంస్కరణల చట్టం స్త్రీలకు నేరుగా ఓటు ఇవ్వలేదు. ఆ నిర్ణయాన్ని ఆయా రాష్ట్రాల శాసన మండళ్లకు విడిచిపెట్టింది. ఆ అవకాశాన్ని మొదట వినియోగించుకున్నది మద్రాసు. 1921లో పురుషులతో సమానమైన నిబంధనల మీద స్త్రీలకు ఓటుహక్కు కల్పించింది. ఇది నిస్సందేహంగా గర్వించదగిన విషయమే. కాని ‘సమానమైన నిబంధనలు’ అన్నచోట ఒక మెలిక ఉంది. ఆస్తి ఉన్నవారికే ఓటు అన్నది నాటి నియమం. పొలం పట్టా భర్త పేరనో, మామ పేరనో ఉండే సమాజంలో ఆ నియమం కింద ఓటు పొందగలిగిన స్త్రీలెందరుంటారు? తలుపు తెరిచారు గాని గడప మాత్రం ఎత్తుగానే ఉండిపోయింది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1932లో లోథియన్ సంఘం ఒక ఉపాయం సూచించింది. భర్తకు ఆస్తి ఉంటే, ఆ ఆస్తిని బట్టి భార్యకు కూడ ఓటు ఇవ్వవచ్చునన్నది. 1935 భారత ప్రభుత్వ చట్టంలో ఆ సూచనకు చోటు దక్కింది. ఓటర్లైన స్త్రీల సంఖ్య పెరిగింది. అయినప్పటికీ అఖిల భారత మహిళా సభ వంటి సంస్థలు ఈ పద్ధతిని వ్యతిరేకించాయి. లెక్క పెరుగుతుంటే ఎందుకు కాదన్నారని నేటి విద్యార్థికి సందేహం కలగవచ్చు. వారి అభ్యంతరం లెక్క మీద కాదు. భార్య కావడం ఓటుకు అర్హత కారాదని, మనిషి కావడమే అర్హత కావాలని వారి వాదన. వితంతువు సంగతేమిటి, అవివాహిత సంగతేమిటి, భర్త ఆస్తి అమ్ముకుంటే భార్య ఓటు కూడ అమ్ముడుపోతుందా అన్న ప్రశ్నలు ఆ వాదనలో ఇమిడి ఉన్నాయి. వయోజనులందరికీ ఓటు అన్న రాజ్యాంగ నియమం వచ్చిన తరువాతగాని ఆ ప్రశ్నలకు సమాధానం దొరకలేదు.

రాజ్యాంగం వచ్చినంత మాత్రాన అలవాటు పోలేదు. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితాలు తయారుచేసేటప్పుడు లక్షలాది మంది స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే నమోదు చేయించుకున్నారు. నాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అటువంటి నమోదును అంగీకరించలేదు. సొంత పేరు చెప్పని స్త్రీల పేర్లను, దాదాపు 28 లక్షల నమోదులను, జాబితాల నుండి తొలగించారు. ఇవి ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలలోనివి. ఆ నిర్ణయం కఠినమైనదేనని, అనేకమంది ఒక ఎన్నికకు దూరమయ్యారని అనవచ్చు. కాని ఆ కాఠిన్యమే మేలు చేసిందనాలి. ఆ పట్టు లేకపోతే ‘ఫలానావారి భార్య’ అన్న పేరుతోనే ఓటు వేసే ఆచారం స్థిరపడిపోయేది. ఆ ఆచారంలో భర్తకు ప్రత్యర్థిగా భార్య నిలబడడం ఊహకు కూడ అందదు. భర్త పేరు తప్ప వేరే పేరు లేని వ్యక్తి, ఆ భర్త మీద ఏ పేరుతో పోటీ చేయగలదు?

స్త్రీలకు ఓటు ఇవ్వడానికి వెనుకాడిన దేశాలలో సైతం బడి విషయంలో కొంత సడలింపు కనిపిస్తుంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం 1838లోనే కొందరు వితంతువులకు పాఠశాల ఎన్నికలలో ఓటు ఇచ్చింది. మసాచుసెట్స్‌లో 1879లో పాఠశాల కమిటీల వరకు స్త్రీలకు ఓటుహక్కు లభించగా, ప్రసిద్ధ రచయిత్రి లూయీసా మే ఆల్కాట్ కాంకర్డ్ పట్టణంలో తొలి మహిళా ఓటరుగా పేరు నమోదు చేసుకుని 1880లో ఓటు వేసింది. ఇంగ్లండులో 1870 నాటి ప్రాథమిక విద్యాచట్టం స్త్రీలు స్కూలు బోర్డులకు పోటీ చేయడానికి వీలు కల్పించింది. ఆ ఏడాదే లండన్‌లో వైద్యురాలు ఎలిజబెత్ గారెట్ 47 వేలకు పైగా ఓట్లతో ఘనవిజయం సాధించింది. ఆమె ఎన్నికల ప్రచార సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసిన జేమ్స్ ఆండర్సన్‌ను ఆ మరుసటి సంవత్సరమే వివాహమాడింది. ఎన్నిక ఆ దంపతులను విడదీయలేదు సరికదా కలిపింది.

పార్లమెంటుకు తగదన్న స్త్రీని పాఠశాలకు తగునని ఎందుకన్నారు? బడిని ఇంటి వసారాగా భావించడమే కారణం. పిల్లల పెంపకం స్త్రీల పని, బడి ఆ పనికి కొనసాగింపు, కనుక ప్రమాదం లేదని వారు తలచారు. ఆ ఔదార్యంలో కొంత చిన్నచూపు కలిసి ఉన్నదన్నది స్పష్టం. అయినా ఒకసారి బోర్డులో కూర్చున్న స్త్రీకి పన్నులు, భవనాలు, జీతాలు, లెక్కలు అన్నీ చేతికి వచ్చాయి. వసారా అనుకున్నది కచేరీగా తేలింది.

భర్తకు ప్రత్యర్థిగా భార్య నిలిచి గెలిచిన ప్రసిద్ధ ఉదంతం కూడ ఆ దేశపుదే. యూటా రాష్ట్రంలో స్త్రీలకు 1870లో వచ్చిన ఓటుహక్కును 1887లో కేంద్ర శాసనం రద్దు చేసింది. 1896లో రాష్ట్ర హోదాతో పాటు ఆ హక్కు తిరిగివచ్చింది. ఆ సంవత్సరం నవంబరు 3న జరిగిన రాష్ట్ర సెనేటు ఎన్నికలలో సాల్ట్ లేక్ ప్రాంతం నుండి ఆంగస్ కానన్ రిపబ్లికన్ అభ్యర్థిగా నిలిచాడు. ఆయన భార్యలలో ఒకరైన మార్తా హ్యూస్ కానన్ డెమొక్రాటిక్ అభ్యర్థిగా నిలిచింది. ఆమె వేల్స్‌లో పుట్టి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించిన డాక్టరు. భార్య గెలిచింది, భర్త ఓడాడు. అమెరికాలో రాష్ట్ర సెనేటుకు ఎన్నికైన తొలి మహిళ ఆమె.

ఈ కథను చెప్పేవారు దీనిని ద్వంద్వయుద్ధంగా చిత్రిస్తారు. వాస్తవం కొంత భిన్నం. అక్కడ ఐదు స్థానాలకు ఉమ్మడిగా ఎన్నిక జరిగింది. ఓటరు కోరితే భార్యకు ఒకటి, భర్తకు ఒకటి ఓటు వేయవచ్చు. ఐదు స్థానాలనూ డెమొక్రాట్లే గెలుచుకున్నారు. అంటే ఆంగస్ కానన్ ఓటమికి భార్య ఒక్కతే కారణం కాదు, ఆయన పార్టీ అంతా ఓడింది. అయినా పత్రికలు ఊరుకుంటాయా? భార్యను సెనేటుకు పంపి, భర్తను ఇంటిపనులు చూసుకొమ్మనవచ్చునని ఒక పత్రిక ఛలోక్తి విసిరింది. సెనేటులో ఆమె చేసిన పని మాత్రం ఛలోక్తులకు అందనిది. రాష్ట్ర ఆరోగ్య మండలి స్థాపనకు ఆమె చట్టం తెచ్చింది. చెవిటి, మూగ, అంధ బాలబాలికలకు నిర్బంధ విద్య కల్పించే చట్టాన్ని ప్రవేశపెట్టింది. 2024లో అమెరికా పార్లమెంటు భవనంలో యూటా రాష్ట్రం తరఫున ఆమె విగ్రహాన్ని నిలిపారు. ఆమె భర్త పేరును లోకం స్మరించేది ఆ ఓటమి సందర్భంలోనే కావడం విధివిలాసం.

మన దేశంలోనూ ఇటువంటి ఉదంతం లేకపోలేదు. 2023లో రాజస్థాన్‌లోని దాంతా రామ్‌గఢ్ శాసనసభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి వీరేంద్రసింగ్‌పై ఆయన భార్య రీటా జననాయక్ జనతా పార్టీ తరఫున పోటీ చేసింది. అక్కడ భర్తే గెలిచాడు.

తెలుగునాట కాగితం మీద మాత్రం భార్యాభర్తల పోటీ ప్రతి ఎన్నికలోనూ జరుగుతూనే ఉంటుంది. భర్త నామినేషన్ తిరస్కరణకు గురైతే అక్కరకు వస్తుందని భార్య చేత కూడ ఒక నామినేషన్ వేయిస్తారు. దానినే వాడుకలో డమ్మీ అంటారు. పరిశీలన పూర్తికాగానే ఆమె ఉపసంహరించుకుంటుంది. ఆ నాలుగు రోజులూ ఇద్దరూ చట్టం దృష్టిలో ప్రత్యర్థులే! ఈ వేడుకలో కనిపించే వినోదం 73వ రాజ్యాంగ సవరణ అనంతర పరిణామాలలో కనిపించదు. 1993లో అమలులోకి వచ్చిన ఆ సవరణ పంచాయతీలలో మూడింట ఒక వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ 2011లో దానిని సగానికి పెంచింది. భార్య సర్పంచి, పెత్తనం భర్తది అన్న స్థితి అనేక గ్రామాలలో ఏర్పడింది. భర్తతో పోటీ చేసిన భార్యను చూసి నవ్వే లోకం, భర్త కోసం పోటీ చేసిన భార్యను చూసి నవ్వదు. ఈ రెండింటిలో నిజంగా వింతైనది రెండవదే.

మళ్లీ బడి దగ్గరకు రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి 1998లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 21వ విభాగం యాజమాన్య కమిటీలకు దేశవ్యాప్తంగా రూపం ఇచ్చింది. కమిటీ సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడడం కమిటీ విధులు. ‘సంరక్షకులు’ అన్న మాట రాయలసీమకు ప్రత్యేకంగా అవసరమైనది. వానలు మొగం చాటేసిన ఏడు తల్లిదండ్రులు పనులు వెతుక్కుంటూ వలస పోతే, బిడ్డను బడికి పంపే అవ్వకు కూడ ఆ చట్టం చోటు చూపింది.

ఈ కమిటీలో తల్లికి, తండ్రికి వేర్వేరు అభిప్రాయాలు ఉండడానికి కారణాలు లేకపోలేదు. బడికి కొంత సొమ్ము వచ్చిందనుకుందాం. ప్రహరీ గోడ కావాలని తండ్రి అంటాడు. గోడ లేకపోతే రాత్రివేళ బడి ఆవరణ ఎవరెవరికో అడ్డా అవుతుందని అతని భయం. అందులో న్యాయం ఉంది. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు కావాలని తల్లి అంటుంది. నీళ్లు లేక కూతురు ఉదయం నుండి సాయంత్రం దాకా దప్పిక చంపుకొని కూర్చుంటున్నదని, నెలలో కొన్ని రోజులు బడే మానేస్తున్నదని ఆమెకు తెలుసు. తండ్రికి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే కూతురు అతనికి చెప్పలేదు. ఇద్దరూ బిడ్డ మేలు కోరేవారే. ఇద్దరూ ఒకే ఇంట ఒకే పొయ్యి మీద వండినది తినేవారే. అయినా కమిటీలో ఒకరి బదులు మరొకరు కూర్చుంటే, రెండింటిలో ఒక మాట బడిదాకా రాదు. అటువంటి సందర్భంలో తల్లి కూడ పోటీకి నిలబడడం భర్త మీద తిరుగుబాటు కాదు. కూతురు తనకు మాత్రమే చెప్పిన సంగతిని సభకు చేర్చడం.

ఇక్కడ ఎన్నిక జరిగే తీరు కూడ ముఖ్యమే. శాసనసభ ఎన్నికలలో ఓటు రహస్యం. పోలింగ్ కేంద్రంలో అట్ట తెర చాటున ఏ మీట నొక్కినదీ భర్తకు భార్య చెప్పనక్కరలేదు. ఆ తెరే భార్యాభర్తలను ఇద్దరు పౌరులుగా విడదీస్తుంది, బయటికి వచ్చాక మళ్లీ దంపతులుగా ఇంటికి పంపుతుంది. చిన్న సభలలో చేతులెత్తి ఎన్నుకునే పద్ధతి పాటించినచోట ఆ తెర ఉండదు. పక్క బెంచీ మీద భర్త ఉంటాడు. వెనుక వరుసలో అత్త ఉండవచ్చు. ఎదుట బిడ్డ పాఠం చెప్పించుకునే ఉపాధ్యాయుడు ఉంటాడు. చెయ్యి ఎత్తాలంటే ముందు పక్కకు చూసే అలవాటు తరతరాలది.

పిల్లలు కూర్చునే బెంచీ పెద్దలకు ఇరుకు. మోకాళ్లు బల్లకు తగులుతూ ఉంటాయి. ప్రధానోపాధ్యాయుడు జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా చదువుతాడు. ఒకే ఇంటిపేరు వెంట రెండు పేర్లు వినిపిస్తే గదిలో ముందుగా ఎవరో నవ్వుతారు. ఆ నవ్వు సద్దుమణిగే లోపల ఆ తల్లి తన పేరు దగ్గర తానే చెయ్యి ఎత్తవలసి ఉంటుంది.